పెడెరస్ అనే ప్రజాతి ఉందా?

కోయంబత్తూరు ఆర్.ఎస్. పురంలో, కౌలీ బ్రౌన్ రోడ్డు మీద 1902 నాటి గాస్ అటవీ మ్యూజియం ఉంది. అలాంటి చోట ఏ పురుగు శాస్త్రీయ నామం చదివినా రెండు మాటలు కనబడతాయి. మొదటిది ప్రజాతి. పురుగును వేలితో చూపగలం, ప్రజాతిని చూపలేం. మరి అది లోకంలో ఉన్నదా, మనం కల్పించుకున్నదా? న్యాయ గ్రంథమైన అన్నంభట్టు తర్కసంగ్రహం ప్రకారం సామాన్యం, అంటే చాలావాటికి ఉమ్మడి అయిన ధర్మం, నిత్యం, ఒక్కటే, అనేక వ్యక్తుల్లో ఉంటుంది. బౌద్ధ తార్కికుడు దిఙ్నాగుడు ఒప్పుకోడు: ఆవు అనే మాట ఆవు కానివాటిని తోసివేస్తుందే తప్ప ఆవులన్నిటిలో ఉన్న ఒకే వస్తువును పట్టివ్వదు. రోవ్ బీటిల్స్‌ను చూశాక ఈ రెండు పక్షాల్లో దేనితోనూ నాకు తృప్తి కలగడం లేదు.

పొట్టి రెక్కతొడుగుల కింద నుంచి పొట్ట బయటికి కనిపించే ఈ కుటుంబంలో అరవై వేలకు పైగా జాతులున్నాయి. అందులో పెడెరస్‌ను 1775లో ఫాబ్రీషియస్ వేరు చేశాడు. వరిచేలల్లో తిరిగి, రాత్రి దీపాల దగ్గరికి వచ్చే నారింజ, నలుపు, నీలం రంగుల పురుగు ఇందులోదే. ఒంటి మీద నలిపితే చర్మం పొక్కుతుంది. జనం దాన్ని గుర్తుపట్టేది ఆ విషంతోనే. అయితే పెడెరిన్ అనే ఆ విషాన్ని తయారుచేసేది పురుగు కాదు, దానిలో కాపురముండే బాక్టీరియా అని 2002లో యోర్న్ పీల్ పరిశోధన తేల్చింది. అంటే పేరు మోసిన గుణమే అరువుది. పోలికను నమ్ముదామంటే అదీ కుదరదు. దండుచీమల గుంపుల్లో బతికే రోవ్ బీటిల్స్ చీమ ఆకారం దాల్చడం కనీసం 12 సార్లు, వేర్వేరు వంశాల్లో విడివిడిగా జరిగిందని 2017లో మరుయామ, పార్కర్ చూపారు. రూపమే ప్రమాణమైతే అవన్నీ ఒక్క గూటి పక్షులు కావాలి. కావు.

కాబట్టి ప్రజాతికి ఆధారం గుణం కాదు, పుట్టుక. కోయంబత్తూరు, మదురై ప్రాంతాల్లో తరతరాలుగా ఉంటున్న తెలుగువారిని చూడండి. తమిళం చదివి, తమిళం రాసి, ఇంటి తెలుగులోనూ తమిళం కలిసిపోయినా, ఇంటిపేరుతో చుట్టరికం కడతారు. గుణాలు మారాయి, వంశం తెగలేదు. “వంశవృక్షంలో ఎన్ని కొమ్మలకు ఒక పేరు పెట్టాలో నిర్ణయించేది మనమే కదా, అప్పుడు ప్రజాతి కల్పితమే” అని ఎవరైనా అడగవచ్చు. బలమైన ఆక్షేపణే. కొందరు పెడెరస్‌లో చేర్చినవాటిని మరికొందరు పెడెరిడస్‌గా విడదీశారు. అయితే ఎక్కడ గీత గీయాలన్నది మన చేతిలో ఉన్నా, ఎవరు ఎవరికి దాయాదులన్నది మన చేతిలో లేదు. రెండు సామాన్యాలు ఒకదానిలో ఒకటి ఒదగకుండా అడ్డంగా కలిస్తే వాటిలో ఒకటి నిజమైన సామాన్యం కాదని నైయాయికుడు ఉదయనుడు సాంకర్యదోషం చెప్పాడు. ఆయన పురుగుల కోసం చెప్పలేదు గాని, వంశవృక్షం కోరేదీ అదే నియమం: కొమ్మలో కొమ్మ ఇముడుతుంది, కొమ్మను కొమ్మ అడ్డంగా కోయదు. అయితే ఆయన సామాన్యం నిత్యం. పెడెరస్ ఒకనాడు మొదలైంది, ఒకనాడు అంతరించవచ్చు. మనం గీసే గీతలూ మారతాయి: లినేయస్ 1758లో స్టాఫిలైనస్ అనే ప్రజాతిలో చేర్చిన రిపేరియస్ అనే జాతి ఇప్పుడు పెడెరస్‌లో ఉంది. ఆ మార్పుకు గుర్తుగా లినేయస్ పేరును ఇప్పటికీ కుండలీకరణాల్లో రాస్తున్నారు.