లెక్కలోకి రాని సగం

తప్పు లేని లెక్క కూడా అన్యాయం చేయగలదా? చదువుల చరిత్ర రాసేవాళ్లు సాధారణంగా అంకెల నిజానిజాల దగ్గరే ఆగిపోతారు. ఎన్ని బడులు, ఎందరు పిల్లలు, ఏ కులం వాళ్లు ఎంతమంది అన్నది తేలిపోతే ఇక అడగవలసిందేమీ లేదని మనకో నమ్మకం. రెండు వందల ఏళ్ల కిందట మద్రాసు రాజధానిలో జరిగిన విద్యా విచారణ కాగితాలు చదివాక నాకు ఆ నమ్మకం సడలింది.

1822 జూన్ 25న మద్రాసు గవర్నర్ థామస్ మన్రో, జిల్లాల్లోని బడుల వివరాలు కలెక్టర్ల నుంచి తెప్పించాలని నిర్ణయించాడు. అక్షరాలు దిద్దించే వీధిబడుల నుంచి శాస్త్రాలు చెప్పే పై చదువుల దాకా అన్నీ అందులోకి వస్తాయి. నింపి పంపవలసిన పట్టికలో బ్రాహ్మణ, వైశ్య, శూద్ర, ఇతర కులాలు, ముస్లింలు అని గళ్లున్నాయి. ప్రతి గడి కిందా ఆడ, మగ వేరువేరుగా చూపాలి. అంటే ఆడపిల్లల గురించి అసలు అడగనే లేదని మన్రోని తప్పుపట్టలేం. అనకాపల్లి అప్పుడు విశాఖపట్నం జిల్లాలోది. 2022 ఏప్రిల్‌లో వేరే జిల్లా అయ్యేదాకా అలాగే ఉంది. కనుక మా వైపు పిల్లలు కూడా ఆ జిల్లా లెక్కలోనే కలిసిపోయి ఉంటారు.

పట్టికలన్నీ వచ్చాక, 1826 మార్చి 10న మన్రో తన అభిప్రాయం రాశాడు. బడులు, కళాశాలలు అన్నవీ కలిపి 12,498. జనాభా 1,28,50,941. అంటే సుమారు వెయ్యి మందికి ఒక బడి. అక్కడితో ఆగితే బాగుండేది. ఆడవాళ్లలో బడికి వెళ్లేవాళ్లు చాలా కొద్దిమంది గనక ఐదు వందల మందికి ఒక బడి ఉన్నట్టు లెక్కించవచ్చునన్నాడు. ఒక్క కొత్త బడి కట్టకుండానే, ఒక్క పంతులిని పెట్టకుండానే, దేశంలో చదువు రెండింతలైపోయింది! హారంలోంచి ఆడవాళ్లను తీసేస్తే చాలు.

ఆ తర్వాత లెక్కంతా మగపిల్లలదే. ఐదు నుంచి పదేళ్ల మధ్య మగపిల్లలు సుమారు 7,13,000 మంది ఉంటారని అంచనా కట్టాడు. బడుల్లో ఉన్న మగపిల్లలు 1,84,110. అంటే నాలుగో వంతుకి కాస్త ఎక్కువ. కానీ ఇళ్లలో చదువుకునేవాళ్లూ ఉంటారు కదా? మద్రాసు నగరంలో ఇంటిదగ్గర చదివేవాళ్లు బడికి వెళ్లేవాళ్లకి ఐదింతలకు పైనే అని వచ్చిన అంకె మన్రోకే అనుమానంగా తోచింది. అయినా ఇంటిచదువు గణనీయంగానే ఉండి ఉంటుందని, చదువుకుంటున్న మగపిల్లలు నాలుగో వంతు కన్నా మూడో వంతుకే దగ్గరగా ఉంటారని తేల్చాడు. పట్టికల్లో ఉన్న 4,540 మంది ఆడపిల్లలు ఈ భిన్నంలో పైనా లేరు, కిందా లేరు.

నన్ను పట్టి ఆపింది ఈ చోటే. కంటికి కనిపించని మగపిల్లల విషయంలో, ఇంట్లో చదువుతూనే ఉండి ఉంటారు అన్న ఊహ. కంటికి కనిపించని ఆడపిల్లల విషయంలో ఆ ఊహ లేదు. ఇంటిచదువు అన్నమాట నిజంగా ఎవరికి ఎక్కువ వర్తించాలి? గడప దాటనివ్వని వాళ్లకి కాదూ? మా అమ్మమ్మ బడి మొహం చూడలేదు. అన్నగారికి ఇంట్లో పాఠం చెబుతుంటే తలుపు చాటున కూర్చుని గుణింతాలు పట్టేసింది. భాగవతం కూడబలుక్కుని చదివేది, రాయడం మాత్రం రాదు. చదవడం, రాయడం రెండూ వస్తేనే అక్షరాస్యులన్నది మన జనాభా లెక్కల నిర్వచనం. ఆ ప్రకారం ఆవిడ నిరక్షరాస్యురాలు. ఆవిడని చూపించి ఆ రోజుల్లో ఆడవాళ్లందరూ చదువుకున్నారని నేను వాదించబోవడం లేదు. ఎక్కువమందికి అక్షరం అందలేదన్నది నిజమే. తెలియని చోట ఎవరి వైపు మొగ్గుతామన్నదే నా ప్రశ్న.

పైగా తెలిసిన సంగతులు కూడా కొన్ని ఉన్నాయి. మలబారు పట్టికలో 3,196 మంది ముస్లిం మగపిల్లలుంటే, 1,122 మంది ముస్లిం ఆడపిల్లలున్నారు. మన విశాఖపట్నం జిల్లాలోనే, అప్పుడందులో భాగమైన జయపురం జమీందారీలో, ఆడపిల్లల పాలు మిగతా చోట్ల కన్నా బాగా ఎక్కువ. కొన్ని కులాల స్త్రీలు సాధారణంగా చదువుకుంటారని మన్రో కూడా రాశాడు. మిగతా హిందూ స్త్రీలకు చదువెందుకు లేదంటే, అక్షరజ్ఞానం ఆడదాని మర్యాదకు తగదనీ, ఆటపాటల స్త్రీలకే చెల్లుతుందనీ లోకం అనుకుంటుంది గనక అన్నాడు. చదువొచ్చిన స్త్రీలు అలా ఒక కారణంగా మాత్రమే కనిపించారు, ఇతరులు చదవకపోవడానికి కారణంగా. వాళ్ల విద్య విద్యగా లెక్కకు రాలేదు. ఈ చూపు ఆయనతో పోలేదు. తంజావూరు కవయిత్రి ముద్దుపళని కావ్యం రాధికా సాంత్వనాన్ని 1910లో బెంగుళూరు నాగరత్నమ్మ పరిష్కరించి అచ్చు వేయిస్తే ప్రభుత్వం నిషేధించింది. స్త్రీవిద్య కోసం పాటుపడిన వీరేశలింగం గారికి కూడా ఆ కావ్యం అసభ్యంగానే తోచింది. చదువుకున్న స్త్రీ కావాలి, కానీ అప్పటికే చదువుకుని ఉన్న స్త్రీ మాత్రం వద్దు!

మన్రో ఉన్న సంగతే రాశాడు కదా, ఆచారాన్ని ఆయన పుట్టించలేదు కదా అని అనవచ్చు. నిజమే. తీసేసిన సంగతి దాచకుండా రాసిన నిజాయితీ కూడా ఆయనకుంది. కానీ ఆ లెక్క వర్ణనగానే ఉండిపోలేదు. అదే కాగితంలో పథకం ఉంది. కలెక్టరేట్లలో 40 బడులు, తాసీల్దారీల్లో 300 బడులు, పాఠ్యపుస్తకాల ఖర్చుతో కలిపి ఏడాదికి 48,000 రూపాయలు. అందులో హిందువులకూ ముస్లింలకూ వేరువేరు బడులున్నాయి. ఆడపిల్లల కోసం ఒక్కటీ లేదు. ఆచారం బడి నుంచి ఆపింది, లెక్క బాధ్యత నుంచి తప్పించింది. రెండోది మొదటిదాని నీడలో నిలబడి ఏ తప్పూ చేయనట్టు కనిపిస్తుంది.

ఇదంతా తెల్లదొరల గుణమని సరిపెట్టుకోవడానికీ లేదు. 1931లో లండన్‌లో గాంధీ, బ్రిటిష్ పాలనలో భారతదేశంలో అక్షరాస్యత తగ్గిపోయిందన్నాడు. ఫిలిప్ హార్టాగ్ ఆధారాలు చూపమన్నాడు. 1983లో ధరంపాల్ ఈ మద్రాసు పట్టికలను పుస్తకంగా తెచ్చాక వాదం మళ్లీ రాజుకుంది. ఆడపిల్లల అంకెలను కూడా ధరంపాల్ అచ్చువేశాడు. కానీ వెనకటి చదువు గొప్పదా, కాదా అన్న పోట్లాటలో రెండు పక్షాలూ ముఖ్యంగా తూచింది మగపిల్లల వంతునే. దేశగౌరవానికి కూడా ఆ హారమే సరిపోయింది.

ఇప్పుడు ఇంటర్ ఫలితాలొచ్చిన ప్రతిసారీ పత్రికల్లో ‘బాలికలదే పైచేయి’ అని చూస్తుంటాం. సంతోషించవలసిన మాటే. ఆ శాతం మాత్రం పరీక్షకు హాజరైన వాళ్ల మీద కట్టినది. పదో తరగతి అవగానే పెళ్లి కుదిరిన పిల్లా, తమ్ముడి ఫీజు కోసం చదువు మానేసిన పిల్లా అందులో తప్పినట్టు కూడా నమోదు కారు. చదువు కష్టమైన పిల్లలు ఎంతమంది మధ్యలో రాలిపోతే శాతం అంత నిగనిగలాడుతుంది. మన్రో కనీసం ఎవరిని తీసేశాడో రాసిపెట్టాడు. మనం ఆ పని కూడా చేయం. అంకె నిజమేనా అని అడగడం మనకు అలవాటైంది. ఆ అంకె కింద ఎవరెవరు ఉన్నారు, ఎవరిని ఎందుకు తప్పించారు అని కూడా అడిగితే తప్ప ఆ నిజానికి న్యాయం తోడవదు.