ఆటస్థలపు తాళపుచెవి



పిల్లలు ఆడుకొనుటకు చోటు ఇచ్చుట దయాకార్యమా, న్యాయకార్యమా? ఈ ప్రశ్న మొదట వినినప్పుడు చిన్నదిగా కనబడును. తిండి, బట్ట, చదువు, మందు, వీటన్నిటి తరువాత గదా ఆట అని మనలో అనేకులు తలంచెదరు. ఆటను మిఠాయివలె చూచుట మనకు అలవాటు. ఉన్నచో మంచిదే, లేకున్నను ప్రాణము పోదు. మిఠాయి పంచువాడు తనకిష్టమైన వారికి పెట్టవచ్చును, ఇష్టము లేనప్పుడు డబ్బా మూసివేయవచ్చును. అతనిని అన్యాయస్థుడని ఎవరును అనరు. కాని ఆట మిఠాయి వంటిది కాదు, అన్నము వంటిది అని తేలినయెడల, మూసిన డబ్బా సంగతి వేరగును.

అది అన్నము వంటిదేయని నా తలంపు. ఆడని బిడ్డ శరీరము ఏమగునో వైద్యులు చెప్పుదురు గాక; నేను మరియొకటి చెప్పెదను. చెడుగుడు ఆడు పిల్లవానిని చూడుడి. పెద్దవారెవరును చూడకపోయినను, తాకబడితినని తానే ఒప్పుకొని ప్రక్కకు పోవుట అక్కడ నేర్చుకొనును. ఓడిన సాయంకాలమున గెలిచినవాని భుజముమీద చేయివేసి ఇంటికి నడచుట అక్కడ నేర్చుకొనును. ఏడుపెంకులాటలో వంతు ఎవరిదని తగవుపడి, తీర్పరి లేకుండనే తీర్పు చేసికొనుట అక్కడ నేర్చుకొనును. పాఠములో చెప్పి పరీక్షలో అడిగినంతమాత్రమున ఇవి అబ్బవు. ప్రపంచ దేశములు కాగితముమీదనైనను ఈ మాట ఒప్పుకొన్నవి. 1989లో ఐక్యరాజ్యసమితి ఆమోదించిన బాలల హక్కుల ఒడంబడికయందు 31వ అధికరణము విశ్రాంతిని, ఆటను బిడ్డల హక్కులుగా గుర్తించినది. మన దేశము 1992లో దానికి సమ్మతించెను. 2009 నాటి మన విద్యాహక్కు చట్టపు షెడ్యూలులో బడికి ఉండవలసిన వాటిలో ఆటస్థలము కూడ చేర్చబడినది. హైదరాబాదులోను విజయవాడలోను అపార్టుమెంటు వంటి మేడలలో నడచు బడులను చూచినవారికి ఆ షెడ్యూలు ఎంతవరకు పాటింపబడుచున్నదో వేరుగా చెప్పనక్కరలేదు.

సరే, హక్కే అనుకొందము. అయినచో ఆ హక్కును కాదన్నవాడెవడు? చిక్కంతయు ఇక్కడనే యున్నది. వెదకిన యెడల అట్టివాడు కనబడడు.

మన ప్రాంతములోని ఒక మండల కేంద్రమును ఊహించుకొనుడి. ప్రభుత్వ ఉన్నత పాఠశాలకు విశాలమైన ఆవరణ కలదు. సాయంకాలము గంట కొట్టగానే గేటుకు తాళము పడును. హెడ్మాస్టరు గారిని అడిగినచో, "ఎవరి కాలైనను విరిగినచో రేపు సంజాయిషీ ఇయ్యవలసినది నేనే గదా" అనును. అది నిజము. వాచ్‌మన్ తన పనిగంటలు ముగిసినవనును, అదియు నిజము. డ్రిల్లు మాస్టరు పొరుగూరినుండి వచ్చువాడు, ఆఖరి బస్సు దాటిపోవునని అతని తొందర. కూలికి పోవు తల్లి, కూతురిని ఆటకు పంపుటకు ఆమెకు ఇష్టమే, గాని తిరిగివచ్చు దారిలో బ్రాందీ షాపున్నది, వీధిదీపము లేదు. దీపము బడి సంగతి కాదని పంచాయతీ, బడి తమ సంగతి కాదని దీపాలవారు. మరియొక వీధిలో ఒక యువకుడు వల కట్టి, పచ్చని చాప పరచి, బాక్స్ క్రికెట్ పెట్టియున్నాడు. స్థలమునకు కౌలు కట్టవలెను గనుక గంటకింతయని పుచ్చుకొనక తప్పదు. వీరిలో ఏ ఒక్కరును ఆ కూలితల్లి బిడ్డను ద్వేషించుటలేదు. ఎవరి చేతులు వారు కడుగుకొనవచ్చును. అయినను సాయంకాలము ఐదు గంటలకు ఆ బిడ్డ ఆడుటలేదు.

తాళమొక్కటే అయినచో ఒక మంచివాడు చాలును. ఇక్కడ తాళములు ఆరేడు, తాళపుచెవులు ఆరేడు చేతులలో ఉన్నవి. హెడ్మాస్టరు గేటు తెరచినను దీపము వెలుగదు. దీపము వెలిగినను నేర్పువాడు లేడు. ఊరివారు కలిసి కూర్చుండి మాటలాడవలెనని నేను చెప్పుట సమాఖ్యలమీద మోజుచేత కాదు, సమస్య అట్లు పంచబడి యున్నందున. ఒంటరి ఉదారుని దయ ఇక్కడ పనిచేయదు.

దూరదేశపు సంగతి యొకటి వినుడి. లండను నగరమందు లాంబెత్ అను ప్రాంతములో, పాత పాఠశాల యొకటి ఉన్న స్థలమున, గృహసముదాయమొకటి కట్టబడెను. అందులో కొన్ని ఇండ్లు సొంతముగా కొనుక్కొన్నవారివి, కొన్ని తక్కువ అద్దెకు ఇయ్యబడినవి. మొదటి పథకములో ఆటస్థలము అందరికిని. తరువాత, ద్వారములుండవలసిన చోట దట్టమైన కంచెమొక్కలు నాటబడెను. తక్కువ అద్దెవారి పిల్లలు కిటికీలోనుండి చూడవచ్చును గాని దిగి ఆడరాదు. 2019 మార్చిలో పత్రికలు ఈ సంగతి బయటపెట్టగా దేశమంతయు సిగ్గుపడెను. నాకు ముఖ్యముగా తోచినది వేరొకటి. కంచెకు ఈవలి తల్లిదండ్రులు మాత్రమే గాక, ఆవలనున్న సొంత ఇండ్లవారు కూడ ఇది తగదని వారితో కలిసి పలికిరి. త్వరలోనే దారి ఇయ్యబడెను. కంచె లోపలివాడు నోరు తెరచినప్పుడు కంచెకు బలము తగ్గును.

ఆలస్యమైన సంగతియు ఒకటి కలదు. అమెరికాలో న్యూజెర్సీ రాష్ట్రమందలి హోబోకెన్ పట్టణములో 1972లో మరియా పెపె అను పండ్రెండేండ్ల బాలిక లిటిల్ లీగ్ అను బాలుర బేస్‌బాల్ సంఘపు జట్టులో చేరి మూడు ఆటలు ఆడెను. బాలికలకు చోటులేదని, ఆమెను ఆడించినచో స్థానిక సంఘపు గుర్తింపు తీసివేయుదుమని పైవారు హెచ్చరించిరి. ఆమె తొలగవలసివచ్చెను. స్త్రీల సంఘమొకటి ఆమె పక్షమున వ్యాజ్యము వేసెను. 1973లో తీర్పు బాలికల పక్షముగా వచ్చెను, 1974లో లిటిల్ లీగ్ తలుపులు బాలికలందరికి తెరువబడెను. అటుతరువాత వేలకొలది బాలికలు ఆ తలుపున లోనికి పోయిరి. అప్పటికి మరియాకు పదునాలుగేండ్లు. ఆడుటకు వయస్సు దాటిపోయెను.

చదువరీ, ఇక్కడ కొంచెము నిలిచి ఆలోచించుము. పెద్దవారికి బాకీపడిన రూపాయి ఐదేండ్లకు చెల్లించినను అది రూపాయియే. పండ్రెండేండ్ల బిడ్డకు బాకీపడిన ఆటను ఆమె పదునాలుగవ ఏట చెల్లింపలేము. చెల్లించునది మరియొక బిడ్డకు. "వచ్చే సంవత్సరము బడ్జెటులో చూతము" అని మనము సులభముగా అనుచున్నాము. వచ్చే సంవత్సరము ఆ బిడ్డ పొలములోనో, దుకాణములోనో, అత్తవారింటనో ఉండవచ్చును.

గేటు తెరచిన తరువాత కూడ లోపల గేట్లుండును. పూనాలో పల్వంకర్ బాలూ అను దళిత యువకుడు దొరల క్లబ్బులో మైదానపు పని చేయుచు, వారికి గంటలకొలది బంతులు వేసెను గాని, బ్యాటు అతని చేతికి ఇయ్యబడలేదు. పిమ్మట హిందువుల జట్టు అతని ఎడమచేతి నైపుణ్యమును కోరి చేర్చుకొనెను. మైదానములో అందరితో సమానుడే. తేనీటి వేళ మాత్రము బయట, వేరు ముంతలో. 1911లో ఇంగ్లాండు వెళ్లిన భారత జట్టులో నూరు వికెట్లకు మించి తీసినవాడు ఈయనయే. అయినను హిందువుల జట్టుకు నాయకత్వము ఆయనకు దక్కలేదు. 1923లో తమ్ముడు విఠల్‌కు దక్కెను. మన ఊరిలోను బంతి వేయుటకు పిలువబడి బ్యాటు అందని పిల్లలున్నారేమో చూడవలెను.

పతకము తెచ్చు బిడ్డను ఏరుటకే మైదానములు తెరువవలెనను వాదము నాకు నచ్చదు. 2014 మే 25న నిజామాబాదు జిల్లా పాకాల గ్రామపు గిరిజన బాలిక మాలావత్ పూర్ణ, సాంఘిక సంక్షేమ గురుకులములో చదువుచు, పదమూడేండ్లకే ఎవరెస్టు శిఖరమెక్కెను. మనమందరము చప్పట్లు కొట్టితిమి, కొట్టవలసినదే. ఆ యేడు అదే వయస్సున ఏ కొండయు ఎక్కని, పరుగులో ఎల్లప్పుడును వెనుకబడు, బంతి పట్టలేని బాలికకు కూడ సాయంకాలము ఆటకు అంతే హక్కు కలదు. ఆమెకు చప్పట్లు కొట్టువారుండరు గనుక ఆమెనుగూర్చి ఇంకను ఎక్కువ చెప్పవలెను.

జెకర్యా ప్రవక్త పాడైన పట్టణము మరల లేచు దినమును చూపుచు, వీధులలో ఆడు బాలురను మాత్రమే గాక బాలికలను కూడ చూపెను. వారితోపాటు చేతికఱ్ఱలతో కూర్చున్న వృద్ధులను చూపెను. ఈ వృద్ధులను మనము గమనింపక చదువుదుము. కాని మైదానపు గట్టుమీద నలుగురు ముసలివారు, ఇద్దరు అవ్వలు కూర్చుండి కబుర్లు చెప్పుకొనుచున్నచో, తల్లి తన కూతురిని ధైర్యముగా పంపును. పింఛను పుచ్చుకొని ఇంట విసుగుకొను పెద్దలు ప్రతి ఊరిలోను ఉన్నారు. వారికి జీతము అక్కరలేదు, నీడలో రెండు బల్లలు చాలును.

మన మిషను కాంపౌండ్ల సంగతి కూడ చెప్పక తప్పదు. పట్టణముల నడుమ, పూర్వులు విడిచిపోయిన స్థలములు గోడలలోపల గడ్డి మొలచియున్నవి. ఇతరులు ప్రవేశించినచో ఆక్రమణ జరుగునని మన కమిటీల భయము. ఆ భయమునకు కారణములును లేకపోలేదు. అయితే పిల్లలు రోజూ ఆడు స్థలమును దొంగచాటుగా ఆక్రమించుట, ఎవరును తొక్కని స్థలమును ఆక్రమించుటకంటె కష్టము. కనుక మన తాళపుచెవిని కూడ బల్లమీద పెట్టి, హెడ్మాస్టరును, వార్డు సభ్యుని, గుడి కమిటీని, మసీదు కమిటీని, ముఖ్యముగా ఆ కూలితల్లిని కూర్చుండబెట్టవలెను. ఆమె పనినుండి వచ్చు వేళకే సమావేశము పెట్టవలెను, మన తీరిక వేళకు కాదు.

మొదటి సమావేశములోనే ఒక లెక్క తేలవలెను: వాచ్‌మన్ రెండు గంటలు అదనముగా ఉన్నందుకు కూలి ఎవరిత్తురు? నెలకింతయని పేర్లు వ్రాసికొని లేవవలెను. అది తేలకుండ తక్కినవన్నియు ఎంత చక్కగా మాటలాడుకొన్నను, నెల తిరుగకమునుపే గేటుకు మరల తాళము పడును.