బొంత అంచు



పాత చీరెలతో మనం కుట్టుకునే బొంతను కర్ణాటకలో కౌది అంటారు, మహారాష్ట్రలో గోధడి అంటారు. పేరేదైనా, అంచు ఊడితే పోగులు లేచి పొరలు చినుగుతాయి.

మా ఇంట ఒక బొంతకు అంచు పట్టీ వేశాము. పైకి చక్కగా ఉంది; తిరగేస్తే అడుగున జానెడు మేర పట్టీ సూదికి అందలేదు. పైనుండి మరో కుట్టు వేసి కప్పుదామన్నాము. మా ఇంటావిడ ఒప్పుకోలేదు. గట్టి కుట్టు దొరికే వరకు విప్పి, మడత సరిచేసి, మళ్లీ కుట్టింది. బొంతంతా విప్పలేదు.

అహరోను నిలువుటంగీ చినగకుండా మెడ చుట్టూ నేసిన అంచు ఉండాలని దేవుడు ఆజ్ఞాపించాడు (నిర్గమ. 28:32). అంచు ఆయనకు అల్పం కాదు.

సహోదరునితో మాటలు మాని, ప్రభువు బల్ల దగ్గర మాత్రం ఒకే వరుసలో కూర్చుంటున్నామా? అది పైకుట్టు. తప్పిన చోటికే వెళ్లి, ఒప్పుకొని విప్పుదాం. మళ్లీ వేసే కుట్టును ప్రభువే నిలుపుతాడు. ఆమేన్.