పేరు అదే, పని వేరు

‘అలియాస్’ అన్న మాట చిన్నప్పుడు పేపర్లో దొంగల పేర్ల మధ్యన చూసేదాన్ని. ఫలానావాడు అలియాస్ ఫలానావాడు అని. ఆ మాట ఒకనాడు నా బల్ల మీదికే వచ్చి కూర్చుంటుందనీ, దసరా సంచికకి రాసుకున్న నవలికలో రెండు అధ్యాయాలు మింగేస్తుందనీ ఎవరనుకున్నారు?

నేను బి.ఏ. చదివినదాన్ని. కంప్యూటరంటే నా మటుకు నాకు టైపు మిషనే. మా అబ్బాయి అందులో లైనక్స్ పెట్టి, నల్లటి తెర ఒకటి తెరిచి, “దీన్ని షెల్ అంటారమ్మా, నువ్వు మాట రాస్తే అది పని చేస్తుంది” అన్నాడు. బొమ్మల మీద నొక్కడం కంటే మాట రాయడం నాకు నచ్చింది. అందులో ‘ఆర్‌ఎం’ అనే మాట ఉంది. 1971లో వచ్చిన యూనిక్స్ మొదటి మాన్యువల్ నాటిది. దాని పక్కన ఫైలు పేరు రాస్తే ఆ ఫైలు పోతుంది. అడగడాలూ బతిమాలడాలూ ఉండవు. నా కంగారు తెలిసినవాడు కనుక మావాడు అలియాస్ ఒకటి రాసిపెట్టాడు. అమ్మ ‘ఆర్‌ఎం’ అంటే ‘ఒక్కొక్కటీ అడిగి మరీ తియ్యి’ అని అర్థం చేసుకోవాలన్నమాట.

ఏడాది హాయిగా గడిచింది. పాత ప్రతులు తీసెయ్యాలంటే అన్నిటికీ కలిపి నక్షత్రం గుర్తు పెట్టి కొట్టడం, అది అడుగుతుంటే దీన్ని ఉంచు, దీన్ని తియ్యి అని చెప్పడం. నేనెంత జాగ్రత్తమనిషినో అని మురిసిపోయాను కూడా.

భీమవరంలో తమ్ముడింటికి వెళ్ళినప్పుడు పెన్‌డ్రైవు వాళ్ళ మిషన్లో పెట్టి అలాగే కొట్టాను. అది అడగలేదు. తీసేసింది.

“మా మిషను చెప్పిన పనే చేసిందక్కా” అన్నాడు తమ్ముడు. నిజమే, కాదనడానికేముంది? మా అబ్బాయి ఫోన్లో, “తప్పు నాదేనమ్మా” అన్నాడు. అదీ పూర్తిగా నిజం కాదు. రోజూ రాత్రి ‘గ్యాసు కట్టావా’ అని అడిగే అత్తగారున్న ఇంట్లో కోడలికి మరుపు రాదు. ఆవిడ ఊరెళ్ళిన రాత్రి తెలుస్తుంది, ఆ జాగ్రత్త ఎవరిదో. నాది అనుకున్నది మావాడు రాసిన ఒక్క లైనుది.

ఇంటికొచ్చాక వాడు ‘ఫంక్షన్’ రాస్తానన్నాడు. తేడా ఏమిట్రా అంటే చాలాసేపు చెప్పాడు. నాకు వంటింటి భాషలో ఇలా అర్థమైంది. అలియాస్ అంటే ‘ఎప్పటి పులుసే’ అన్న మాట. ఆ మాట తీసి దాని స్థానంలో పాత పాఠం పెడుతుందంతే. కొత్తగా ఆనపకాయ అన్నారనుకోండి, దాన్ని చివర తగిలిస్తుంది, దించిన పులుసులో పచ్చిముక్కలు వేసినట్టు. ఫంక్షను అలా కాదు. ఏ కాయో, ఎంతమందికో చెప్తే, వేటిని ఎక్కడ వెయ్యాలో అక్కడ వేస్తుంది. ‘ఈ ఫైలుని ఎత్తి బుట్టలో పెట్టు’ అనాలంటే ఫైలు పేరు మధ్యలో రావాలి కదా, అది అలియాస్ వల్ల కాదు. పైగా కమాండ్లు వరసగా రాసి దాచుకునే స్క్రిప్టుల్లో బాష్ అనే షెల్ మామూలుగా అలియాసుల్ని పట్టించుకోదట. దాదాపు ప్రతి పనికీ ఫంక్షనే మేలని దాని మాన్యువల్లోనే ఉంది.

నా పట్టు మాత్రం పేరు దగ్గర. ‘ఆర్‌ఎం’ అని పెట్టొద్దు, ‘బుట్ట’ అని పెట్టమన్నాను. భీమవరంలో ‘బుట్ట’ అని కొడితే ఆ మిషను, అలాంటి కమాండు లేదంటుంది. నా కాగితాలు నాకుంటాయి. మా ఊరికి 2015లో రాజమహేంద్రవరం అని పేరు పెట్టినా ఇప్పటికీ అందరం రాజమండ్రి అనే అంటాం, ఏ పేరు చెప్పినా ఆటో గోదావరి గట్టుకే తీసుకెళ్తుంది. ఒక ఊరికి రెండు పేర్లుంటే నష్టం లేదు. ఒకే పేరు ఇంట్లో ఒకలా, పొరుగూళ్ళో మరోలా పనిచేస్తేనే చిక్కు. మనుషుల్లోనూ అలాంటివాళ్ళని చూశాను, అది వేరే కథ.

తీరా వాడు రాసింది చూస్తే అంతా ఒకే వరస! బుట్టలో ఆ పేరుతో ఫైలు ముందే ఉంటే వెనక తేదీ తగిలించాలని అందులో ఒక షరతు. ‘ఇఫ్’తో మొదలై, దాన్నే తిరగేసి ‘ఫి’తో ముగుస్తుంది (ఈ చమత్కారం నాకు భలే నచ్చింది). కానీ ఏది దేని లోపలిదో కంటికి ఆనదు. “షెల్‌కి ఖాళీలు అక్కర్లేదమ్మా” అన్నాడు. షెల్‌కి అక్కర్లేదు, నాకు కావాలి. గౌతమీ గ్రంథాలయంలో తాటాకు గ్రంథాలున్నాయి. తాటాకు మీద మాటకీ మాటకీ ఎడం లేకుండా రాసుకుపోయేవారు. ఆకు పొదుపు, సరే. ఇక్కడ ఏం పొదుపు చేద్దామని?

లోపలి వరసలు జరిపి రాయడానికి ఒప్పుకున్నాడు. ఇక ఎంత జరపాలన్నది! ట్యాబ్ అన్నాడు మేనల్లుడు. లైనక్స్ కెర్నెల్ వాళ్ళది ఎనిమిదక్షరాల ట్యాబేనట. షెల్ స్క్రిప్టులకి గూగుల్ వాళ్ళు రెండు ఖాళీలంటారని మావాడు. కాఫీలు చల్లారిపోయాయి. ఏదైనా సరే, మొదటినుంచి చివరిదాకా ఒకటే ఉంచండిరా అన్నాను.

పాత అలియాస్ కూడా తీసెయ్యమన్నాను. “ఉండనియ్యమ్మా, మంచికే కదా” అని నసిగాడు. తీయించాను.

పోయిన అధ్యాయాలు మళ్ళీ రాశాను. అందులో ముసలావిడ మునుపటి మనిషిలా రాలేదు. ఎంత గుర్తు చేసుకున్నా ఆవిడ మాటతీరు దొరకలేదు. నిన్న రాత్రి చిత్తు ప్రతి ఒకటి తీసేద్దామని ‘ఆర్‌ఎం’ కొట్టి, ఫైలు పేరు రాసి, ఎంటర్ మీద వేలు పెట్టి చాలాసేపు అలాగే కూర్చున్నాను. “ఏమిటి ఆలోచిస్తున్నావ్?” అన్నారు మావారు.