రేపటి పొలం మీద నేటి హక్కు

సాగుభూమిని దేనికి వాడాలో తేల్చే హక్కు పట్టాదారు ఒక్కడిదేనా, ఇంకా పుట్టని తరాలకూ అందులో వాటా ఉందా అన్నది నీతిశాస్త్రంలో పాత ప్రశ్నే. వాతావరణం, సాగు ఖర్చులు రెండూ మారుతుండటంతో అది ఇప్పుడు పొలం గట్టు మీదికి వచ్చింది.

గోదావరి, కృష్ణా డెల్టాల్లో దీన్ని దగ్గరగా చూడవచ్చు. తీరానికి చేరువగా ఉన్న భూముల్లోకి ఉప్పునీరు ఎగదన్నుతోంది. కోతల వేళ తుపాను వస్తే వరి పనలు నీళ్లలో నాని మొలకెత్తుతాయి. ధాన్యం ధర పెట్టుబడికి చాలక 2011లో కోనసీమ రైతులు పంట విరామం ప్రకటించారు. అలాంటి చోట వరిచేను రొయ్యల చెరువు కావడాన్ని అత్యాశ అని కొట్టిపారేయలేం. అయితే చెరువులోని ఉప్పు గట్టు దగ్గరే ఆగదు. ఊట దిగిన పక్క చేలో ముందు ఆకు కొనలు మాడతాయి. వేసవికి నేల మీద తెల్లటి పొర కడుతుంది. చివరికి ఆ రైతు కూడా చేనును చెరువుకు లీజుకిస్తాడు. లీజు సొమ్ము యజమానికి అందుతుంది. కౌలుదారుకు సాగు, నాట్ల కూలీలకు పని పోతాయి.

శ్రమతో భూమి సొంతమవుతుందన్న తత్త్వవేత్త జాన్ లాక్ సైతం ఇతరులకు సరిపడా మంచి నేల మిగలాలని షరతు పెట్టాడు. ఈశోపనిషత్తు జగత్తంతా ఈశ్వరుడిదంటూ, త్యాగబుద్ధితో అనుభవించమంటుంది. భూమి దేవుడిదేనన్న వినోబా భావే 1951 ఏప్రిల్ 18న పోచంపల్లిలో ఉండగా, దళితులు 80 ఎకరాలు అడిగితే అక్కడి భూస్వామి వెదిరె రామచంద్రారెడ్డి 100 ఎకరాలు ఇచ్చారు. అక్కడ అడిగేవారు ఎదురుగా ఉన్నారు. రాబోయే తరం వచ్చి అడగలేదు, దానికి ఏం కావాలో మనం ఊహించనూ లేం.

అందువల్ల ఏ పంట వేశారన్న దానికన్నా, నేలను మళ్లీ సాగులోకి తేగలమా అన్నదే సరైన కొలత. వరి మాని కంది, కొర్ర వేసిన రైతు రేపు మళ్లీ వరి వేయగలడు. ఉప్పెక్కిన నేల కోలుకోవడానికి ఏళ్లు పడుతుంది. ప్లాట్లుగా మారి సిమెంటు రోడ్లు పడిన పొలం దాదాపు తిరిగి రాదు. వ్యవసాయ భూములను రొయ్యల చెరువులుగా మార్చరాదని 1996లో సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పులోనూ ఈ జాగ్రత్త కనిపిస్తుంది.

ఈ కొలతను రైతు ఒక్కడి మీదే రుద్దితే మరో అన్యాయమవుతుంది. పొలాన్ని భావితరాలకు నిలిపి ఉంచమని కోరే సమాజం గిట్టుబాటు ధర, పంటల బీమా, కౌలుదారుకు గుర్తింపు రూపంలో ఆ ఖర్చులో తన వంతు భరించాలి. ఆ భారం పంచుకున్నప్పుడే రైతు హక్కుకు హద్దు గీసే అర్హత సమాజానికి వస్తుంది.