జనసంఖ్యయు జనులును

ఒక యూరిని గూర్చి వ్రాయబూనినవారు మొదట దాని యెల్లలను, పిదప కొండలను, ఏఱులను, పంటలను వర్ణించి, తుదకు జనసంఖ్యను వేసి కలము క్రింద నుంచుట వాడుక. నేల యొక పుటయందును, మనుష్యులు వేఱొక పుటయందును నిలుతురు. ఈ విభజన వ్రాతసౌకర్యమునకై యేర్పడినదే. అయినను దీనివలన గొప్ప యన్యాయములు పుట్టినవని నా తలంపు. లెక్కింపబడుటయు గుర్తింపబడుటయు నొక్కటియేనా? ఈ ప్రశ్నను అరకులోయను ఉదాహరణముగా గొని విచారింతము.

తూర్పుకనుమలలో, విశాఖపట్టణమునకు నూఱు కిలోమీటరులకు పైబడిన దూరమున, సముద్రమట్టమునకు సుమారు 900 మీటరుల యెత్తున నీ లోయ యున్నది. 2022వ సంవత్సరమునుండి యిది అల్లూరి సీతారామరాజు జిల్లాలోనిది. గాలికొండ, రక్తకొండ, సుంకరిమెట్ట, చితమోగొండి దీనిని చుట్టి యున్నవి. వాగులవెంట మెట్లుమెట్లుగా దిద్దిన వరిమళ్లు. వాలులయందు చోళ్లు, సామలు, కందులు. చలికాలమున పసుపు పఱచినట్లు పూచు వలిసెలు. బాటసారి యా పూవులను జూచి యానందించి పోవును. ఆ పూవు వెనుక నూనెగింజ గలదనియు, ఆ గింజవెనుక నొక కుటుంబముయొక్క సంవత్సర గ్రాసము గలదనియు నతనికి తోచదు.

ఇక మనుష్యులు. బగతలు, వాల్మీకులు, కొండదొరలు, కోటియాలు, పోర్జలు, గదబలు, కోందులు మొదలగువా రిచ్చట నివసింతురు. ఇచ్చటి సంతలో నొక్క పూట నిలిచినచో మూడు భాషాకుటుంబములు చెవిని బడును. కోందుల కువి తెలుగునకు చుట్టమైన ద్రావిడభాష. గదబలలో నొక శాఖవారి గుతోబు ముండా కుటుంబమునకు జెందినది, దాని బంధువులు బర్మాకు ఆవలి దేశములవఱకు గలరు. ఒక తెగవారు వేఱొక తెగవారితో బేరమాడుటకు వాడు ఆదివాసి ఒడియా ఆర్యభాష. మన విశ్వవిద్యాలయములలో కష్టపడి చదువు విషయము నిచ్చటి యల్లము నమ్మునట్టి స్త్రీ దినదినము నోట బలుకుచున్నది. అయినను మన జనగణన పట్టికలలో, దేశమంతట పదివేలకు తక్కువమంది మాటలాడు భాషకు పేరుండదు. అది 'ఇతరములు' అను గడిలో బడును. ఎవరికి ఇతరము? తల్లి జోలపాడిన భాష బిడ్డకు ఇతర మెట్లగును?

పోర్జ యను పేరు 'ప్రజ' యను మాటనుండి పుట్టినదని కొందఱు పండితులందురు. అదియే నిజమైనచో ఇంతకు మించిన వింత లేదు. ప్రజ యని పేరుగల వారే మన ప్రజాజాబితాలో కట్టకడపటి వారైరి.

ఈ పుటవిభజనవలని కీడు మాటలతో ముగియలేదు. పోడు సేద్యమును జూడుడు. కొండవాలున పొదలు నఱికి, ఎండినపిమ్మట కాల్చి, ఆ బూడిదలో నాలుగైదు గింజలు కలిపి చల్లి, కొన్ని పంటలు దీసికొని, పిదప నేలను విడిచి, అడవి మరల లేచినతరువాత తిరిగి వచ్చుట దాని పద్ధతి. విడిచిన యా నేలను పటము వ్రాయువాడు చూచెను. అతనికి మనిషి కనబడలేదు. ఖాళీ యని వ్రాసెను, లేదా అడవి యని వ్రాసెను. తాత విత్తిన చోటు, మనుమడు విత్తబోవు చోటు, వర్తమానమున నెవరిదియు గాకపోయెను. 1882వ సంవత్సరపు మద్రాసు అటవీచట్టము ఈ చూపునకు అధికారమిచ్చెను. 1922–24 నడుమ మన్యము రగులుకొనుటకు గల కారణములలో పోడుపై విధించిన యాంక్షలొకటి. అల్లూరి సీతారామరాజును వీరుడని కొనియాడు మనము, ఆయన వెంట నడచినవారి నేలను గూర్చి యెన్ని సారులు తలంచితిమి?

పోడు అడవిని పాడుచేయదా యని న్యాయమైన ప్రశ్న గలదు. చేయవచ్చును. జనులు కొలదిగను, విశ్రాంతి సంవత్సరములు హెచ్చుగను ఉన్నప్పుడు కొండ కోలుకొనును. ఒకవంక రిజర్వు అడవులు, మఱియొకవంక మైదానపు వర్తకుని యప్పుపత్రము నేలను కుదించినప్పుడు, అదే కుటుంబము అదే వాలునకు త్వరగా తిరిగి రావలసివచ్చును. మన్ను వానలో కొట్టుకొనిపోవును. కావున తప్పు నేలయందు వెదకినను దొరకదు, మనిషియందు వెదకినను దొరకదు. రెంటికిని నడుమ గల సంబంధమును తెంచుటయందు దొరకును. రెండు పుటలను విడివిడిగా చదువువానికి ఇది యెన్నటికిని కనబడదు.

చట్టము ఆలస్యముగనైనను ఈ పుటలను కలుప యత్నించెను. 1917లో ఏజెన్సీ భూముల బదలాయింపును గూర్చి యొక చట్టము వచ్చెను. 1959వ సంవత్సరపు మొదటి నిబంధనయు, 1970లో దానికి జరిగిన సవరణయు గిరిజనుల భూమి యన్యుల చేతికి పోకుండ మఱింత గట్టి కట్టుబాటు చేసెను. అరకునకు పొరుగుననున్న అనంతగిరి మండలములో, బొఱ్ఱా ప్రాంతపు నేలలను గనులకై కౌలుకిచ్చిన వ్యవహారము సుప్రీంకోర్టునకు పోగా, 1997లో 'సమత' తీర్పు వెలువడెను. గిరిజనులు కాని 'వ్యక్తుల'కు భూమి నీయరాదను నిషేధములోని వ్యక్తి యను పదము ప్రభుత్వమునకు గూడ వర్తించునని న్యాయస్థానము నిర్ణయించెను. ఎంత గంభీరమైన మాట! ధర్మము ఋణపడుట రైతునకు మాత్రమే కాదు, రాజ్యమునకు గూడ. 2006వ సంవత్సరపు అటవీహక్కుల చట్టము అడవిని బట్టి బ్రతుకువారి హక్కును చారిత్రకమైన యన్యాయమునకు సవరణగా నంగీకరించెను.

నేలను మనిషిని కలిపి చూచిన ఫలితమునకు కాఫీ యొక సాక్ష్యము. నరికిన కొండలపై నీడచెట్లు పెంచి, వాని క్రింద కాఫీయు, వాని మ్రాకులపై మిరియపు తీగయు బ్రాకించి గిరిజనులు జీవించుచున్నారు. 2019లో అరకులోయ అరబికా కాఫీకి భౌగోళికసూచిక లభించెను. ఇచ్చట అడవియు నిలిచినది, సేద్యమును నిలిచినది. అయినను ఒక పరీక్ష మిగిలియున్నది: దూరదేశమున ఆ గిన్నెకు చెల్లు వెలలో, పండు కోసిన చేతికి ఎంత చేరుచున్నది? గింజకు పేరు దొరికినంత మాత్రమున పండించినవానికి పేరు దొరకినట్లు కాదు.

నేడు సొరంగములు దాటివచ్చు రైలులో, అద్దపు పెట్టెలలో గూర్చుండి, వేలకొలది జనులు అరకును చూడవచ్చుచున్నారు. ఆ రైలుదారి 1960వ దశకమున బైలదిల్లా యినుపరాతిని సముద్రమునకు జేర్చుటకై వేయబడినది. లోయలోనివారి యవసరమునకై కాదు. చూడవచ్చుట దోషము కాదు. కాని అద్దములోనుండి కనబడునది ప్రకృతి మాత్రమే యని తలంచుట పటము వ్రాసినవాని తప్పునే మరల చేయుట.

చదువరులారా! 2021లో జరుగవలసిన జనగణన ఆ యేట జరుగలేదు. జరిగిననాడు గణకుడు ఆ కొండలెక్కి గుడిసెగుడిసెకు పోవలెను. పోవుట యవసరమే, లెక్కలో లేనివానికి బడియు లేదు, వైద్యుడును లేడు. అయితే లెక్క ధర్మమునకు గడప మాత్రమే, గర్భగృహము కాదు. ఇంట నెందఱున్నారని యడిగినవాడు, ఆ యెదుటి వాలు ఎవరిదని కూడ నడుగవలెను. ఆ రెండవ ప్రశ్నకు వచ్చు సమాధానమును మొదటిదానితో సమానముగా వ్రాసికొన్ననాడే, మనము ఒక సంఖ్యను కాక యొక జనపదమును ఎఱిగినవార మగుదుము.