కుటికి కొలత, ఊరికి హద్దు

నివసించడానికి మనిషికి ఎంత చోటు చాలు అన్నది పట్టణ ప్రణాళికలో లెక్కల వ్యవహారంగా కనిపించినా, మూలంలో అది ధర్మప్రశ్న. ఒకరు ఆక్రమించిన నేల మరొక మనిషికీ, మరొక ప్రాణికీ, రాబోయే తరానికీ దక్కకుండా పోతుంది గనుక. కృష్ణా పశ్చిమ డెల్టాలో ఈ ప్రశ్నకు పదును ఎక్కువ. 1855లో బెజవాడ ఆనకట్ట పూర్తయిన తరువాత తెనాలి, రేపల్లె, బాపట్ల పరిసరాల భూమి చాలావరకు మాగాణిగా, అంటే కాల్వ నీటితో వరి పండే నేలగా స్థిరపడింది కాబట్టి, ఇక్కడ ఊరు పెరిగిందంటే చేను తరిగిందన్నమాటే. ఇళ్లు, అంగళ్లు, బడి, వైద్యశాల నడిచి చేరగల దూరంలో, తక్కువ నేల మీద ఇమిడే ఆవాసాన్ని నేటి నిపుణులు మిశ్రమ వినియోగ ఆవాసమంటారు. కింద దుకాణం, పైన కాపురంగా తెనాలి బజారు వీధులు ఆ పేరు వినకముందే అలా బతికాయి. ఇలా ఇమిడి బతకడం వట్టి పొదుపా, లేక అందులో ఒక నియమం ఉందా అన్నది ఆలోచించవలసిన సంగతి.

ఆ ఆలోచనకు మొదటి ఆధారం తెనాలి–రేపల్లె రైలుమార్గంలోనే ఉన్న భట్టిప్రోలులో దొరుకుతుంది. 1892లో అలెగ్జాండర్ రే అక్కడి బౌద్ధ స్తూపాన్ని తవ్వినప్పుడు బయటపడిన ధాతుకరండాల, అంటే పవిత్ర అవశేషాలను భద్రపరిచిన పెట్టెల మీది బ్రాహ్మీ శాసనాలలో, కుబీరకుడనే రాజుతో పాటు నిగమ సభ్యుల పేర్లూ, గోష్ఠి అనే మండలి ప్రస్తావనా ఉన్నాయి. నిగమమంటే వర్తకుల, పట్టణవాసుల సంఘం. క్రీస్తుపూర్వమే ఈ గడ్డ మీద అంగడీ ఆరామమూ ఒకదాన్నొకటి పోషించుకున్నాయని వాటివల్ల తెలుస్తుంది. పందొమ్మిదో శతాబ్దిలో ఆ స్తూపం ఇటుకలూ రాళ్లూ రోడ్లకు, కాల్వ పనులకు తరలిపోయాయి. డెల్టాను పండించిన కాల్వలే దాని తొలి నిర్మాణాన్ని కొంత మింగాయి.

ఇక ఆరామంలో బతికే భిక్షువుకు ఎంత చోటు చాలన్నదానికి కూడా ఒక కొలత ఉంది. భిక్షువుల నడవడిని నిర్దేశించే పాలి వినయపిటకం, సంఘాదిశేషాలనే తీవ్ర అపరాధాల వరుసలో ఆరవదిగా ఒక నిర్మాణ నియమాన్ని పెట్టింది. దాత లేకుండా, తానే యాచించి తెచ్చిన సామగ్రితో కట్టుకునే కుటి సుగతుని, అంటే బుద్ధుని, జానతో పన్నెండు జానల పొడవు, ఏడు జానల వెడల్పు మించరాదు. మామూలు జానతో అది సుమారు తొమ్మిది అడుగులకు అయిదడుగుల పైచిలుకు; వ్యాఖ్యాతలు సుగతుని జానను దానికి మూడింతలుగా లెక్కించారు. ఈ నియమానికి కారణం ఆళవిలో జరిగిన ఉదంతం. అది కావాలి, ఇది కావాలి అంటూ భిక్షువులు వేధించగా జనం వారిని చూడగానే దారి మళ్లారట. దూరాన ఆవు కనబడినా భిక్షువేమోనని తప్పుకున్నారట.

కొలతకన్నా స్థలానికి పెట్టిన షరతు లోతైనది. స్థలాన్ని ముందు సంఘానికి చూపి ఆమోదం పొందాలి; అది చీమలకు, చెదలకు, పాములకు ఉనికిపట్టు కారాదు, ధాన్యపు చేనును ఆనుకుని ఉండరాదు, ఎడ్లబండి చుట్టూ తిరిగేంత జాగా మిగలాలి. దాత ఖర్చుతో పెద్ద విహారం కట్టేవారికి సంబంధించిన ఏడవ నియమం కొలతను సడలించింది గాని, స్థలం చూపించే బాధ్యతను సడలించలేదు. కోశాంబిలో ఛన్నుడనే భిక్షువు విహారం కోసం జనం పూజించే చెట్టును కొట్టించడమే ఆ నియమానికి కారణమైంది. ధనం గదిని పెద్దది చేయగలదు కాని, ఆ నేల విషయంలో నలుగురికీ చెప్పుకోవలసిన జవాబును తగ్గించలేదన్న ఈ ఆలోచన, నేటి భవన నిబంధనలలో చాలావాటికి అందనిది.

భిక్షువు కుటి కొలత గృహస్థుకు చెల్లదన్న ఆక్షేపణ సబబే. వినయపిటకం నాలుగు దారుల కూడలిని కూడా కుటికి తగని చోట్లలో చేర్చింది. గృహస్థుకు ఆ కూడలే జీవనాధారం. తొమ్మిదడుగుల గదిలో అయిదుగురు తలదాచుకోవడం లేమే గాని, అవసరానికి మించి కూడబెట్టకపోవడమనే అపరిగ్రహం కాదు. కాబట్టి వినయం నుంచి ఊరు నేర్చుకోవలసింది జానల లెక్క కాదు, స్థలాన్ని నిర్ణయించే పద్ధతి.

ఆ పద్ధతి డెల్టాలో చాలా స్థూలమైన విషయాలకు వర్తిస్తుంది. పల్లపు నేలలో ఒక వెంచరు టిప్పర్లతో మట్టి తోలి మెరక చేసుకుంటే, దాని మీద పడిన వాన పక్క చేలోకీ పాత వీధుల్లోకీ చేరుతుంది. 1977 నవంబరు 19 నాటి ఉప్పెనను చూసిన తీరమిది. 2023 డిసెంబరు 5న మిచాంగ్ తుపాను తీరం దాటింది బాపట్ల దగ్గరే. ఇలాంటి చోట ఇళ్లను రెండు మూడు అంతస్తులుగా దగ్గరగా చేర్చి, మిగతా నేలను నీరు నిలవడానికీ చేనుకూ వదిలేయడం, కాల్వలు కట్టేసే వేసవికి ముందే నింపుకునే మంచినీటి చెరువును లేఅవుటు మధ్యనే ఉంచడం, మురుగును శుద్ధి చేయకుండా దిగువ ఊళ్ల మీదికి వదలకపోవడం సాంకేతిక సౌకర్యాలుగా కనిపించినా, ప్రాణిహాని లేని స్థలమన్న పాత షరతుకు ఇవి నేటి రూపాలు.

పాత గ్రామమే ఇందుకు ఆదర్శమనే వాదం మాత్రం నిలవదు. ఆ గ్రామం ఇమిడి ఉన్నమాట నిజమే గాని, కొందరిని వెలుపల పెట్టి ఇమిడింది. కౌటిల్యుని అర్థశాస్త్రం నగర నిర్మాణం చెబుతూ చండాలురకు, వైదికేతర మతస్థులైన పాషండులకు శ్మశానపు అంచున చోటు చూపింది. తెనాలికి చేరువలోని చుండూరులో 1991 ఆగస్టు 6న దళితులను ఊచకోత కోసినప్పుడు ఊరికీ వాడకూ మధ్య దూరం నడిచిపోగలిగినదే. ఇళ్లు దగ్గరైనంత మాత్రాన మనుషులు సంఘం కారు గనుక, స్థలాన్ని ఆమోదించే సభలో ఎవరికి చోటుందన్నది, ఎన్ని అంతస్తులు కట్టాలన్నదాని కంటే ముందు తేలవలసిన విషయం. సంఘమంతా వెళ్లి చూడలేనప్పుడు, హాని ఉన్న స్థలాన్ని గుర్తుపట్టగల భిక్షువులను ఎంచి పంపమంటుంది వినయం. డెల్టాలో ఆ ఎరుక ఏ మడిలో నీరు ఎన్నాళ్లు నిలుస్తుందో తెలిసిన కౌలు రైతుకూ, వానలకు ముందుగా మునిగే వాడలో ఉన్న మనిషికీ ఉంటుంది గాని, వెంచరు పటం గీసినవారికి ఉండితీరాలని లేదు.